సందుగలోని పాత చెంచాలు: గుర్తుపట్టడం నుంచి వడ్డన దాకా

మా తాత నిజాం జమానాలో కచేరీ ముంషీ. 1949లో జాగీర్లు రద్దయ్యాక చుట్టుపక్కల ఊళ్ళలో గడీల సామాన్లు హర్రాజుకు వచ్చినప్పుడు ఆయన ఒక టేకు పెట్టె కొనుక్కొచ్చాడట. నాయనమ్మ ఆ ముచ్చట ఎప్పుడు చెప్పినా ముఖం మాడ్చుకునే చెప్పేది. "బియ్యం తెమ్మంటే ముండ్ల గంటెలు తెచ్చిండు" అని. ఫోర్కును ఆమె చివరిదాకా ముండ్ల గంటె అనే పిలిచింది. ఆ పెట్టె నలభై ఏళ్ళు సందుగలో, పెళ్ళి చీరల కింద పడుకుని ఉంది. తెరిచి చూస్తే ఎర్ర మఖమల్ గుంటల్లో ఆరు పెద్ద ఫోర్కులు, ఆరు చిన్నవి, పన్నెండు చెంచాలు, ఐదు కత్తులు. ఆరో కత్తి గుంట ఖాళీ.

గద్వాల, వనపర్తి, కొల్లాపూర్, ఆత్మకూరు సంస్థానాలు నడిచిన పాలమూరులోనూ, ఊరికో గడీ ఉన్న నల్లగొండలోనూ ఇలాంటి సామాను ఒకటో రెండో లేని పాత ఇళ్ళు తక్కువ. ఒక ఇంట్లో వెండి కంచం, ఇంకో ఇంట్లో బిద్రీ పాన్‌దాన్, మరో ఇంట్లో కంచు తలె, అడుగున ఇంగ్లీషు అక్షరాలున్న ఒంటరి చెంచా. వాటిని ఏం చేయాలో తెలియక కొందరు తూకానికి అమ్మేస్తారు, కొందరు అద్దాల బీరువాలో పెట్టి తాళం వేస్తారు. నేను మూడో రకం. తీసి తోమి, పండగకు అందులోనే వడ్డిస్తాను. అలా వాడబోయి చేసిన తప్పులు, నేర్చుకున్న పద్ధతులు కలిపి రాసిందే ఇది.

ముందు చేతులు కట్టుకోండి

పాత సామాను బయటపడగానే మనకు తోచే మొదటి పని చింతపండు తెచ్చి రుద్దడం. అదే చేయకూడదు. ఆ నలుపు వెనుక ఏ లోహముందో తెలియకుండా రుద్దితే పోయేది మురికి ఒక్కటే కాదు.

నా సంగతే చెప్తాను. పెట్టె దొరికిన ఉత్సాహంలో నాలుగు ఫోర్కులు తీసుకెళ్ళి టౌన్లో ఒక దుకాణంలో పాలిష్‌కిచ్చాను. ఆయన మోటారు చక్రానికి ఆనించి తళతళలాడేలా చేసిచ్చాడు. ఇంటికొచ్చి వెలుతురులో చూస్తే ముళ్ళ చివర్లు పసుపు పచ్చగా ఉన్నాయి. మీదున్న వెండి పూతంతా చక్రానికి అరిగిపోయి, లోపలి లోహం బయటపడింది. దుకాణం ఆయన్ను తిట్టుకుని లాభం లేదు, అది పూత సామానని నేనే ఆయనకు చెప్పలేదు. నాకు తెలిస్తే కదా చెప్పడానికి.

అందుకని మొదటి రోజు చేయాల్సింది ఇంతే: గోరువెచ్చని నీళ్ళలో రెండు చుక్కల లిక్విడ్ సోపు వేసి, మెత్తని బట్టతో ఒక్కొక్కటే తుడిచి, వెంటనే ఆరబెట్టడం. కత్తుల పిడులు మాత్రం నీళ్ళలో ముంచొద్దు. కారణం కింద చెప్తాను. తర్వాత పగటి వెలుతురులో, భూతద్దం పట్టుకుని కూర్చోండి.

ఇది వెండేనా?

అయస్కాంతంతో మొదలుపెట్టండి. గట్టిగా అతుక్కుంటే అది ఇనుము లేదా ఉక్కు, మీద పూత ఉంటే ఉండొచ్చు. అతుక్కోకపోతే వెండి అనుకోవద్దు. ఇత్తడి, రాగి, కంచు, జర్మన్ సిల్వర్, ఇవేవీ అతుక్కోవు.

తర్వాత కాడ వెనక చూడండి. ఇంగ్లండు వెండి మీద చిన్న చిన్న ముద్రలు వరసగా ఉంటాయి. ముందు కాలు ఎత్తి పక్కకు నడుస్తున్న సింహం ఉంటే అది స్టెర్లింగ్, అంటే వెయ్యిలో 925 వంతుల వెండి. పక్కన చిరుతపులి తల ఉంటే లండన్‌లో, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినట్టు. కిరీటం ఉంటే షెఫీల్డ్, 1975 నుంచి అక్కడ కిరీటం బదులు గులాబీ వేస్తున్నారు. ఇంకో ముద్రలో ఒక అక్షరం ఉంటుంది. ఏడాదికో అక్షరం మార్చేవాళ్ళు కాబట్టి దాన్ని బట్టి ఏ సంవత్సరమో తేలుతుంది. వీటితో పాటు రాజుదో రాణిదో పక్క ముఖం ఉంటే అది సుంకం కట్టిన గుర్తు, 1784 నుంచి 1890 దాకా వేశారు. అది ఆ సుంకం తలకాయే అని తేలితే మీ చెంచా వయసు నూట ముప్ఫై దాటిందని ఇంట్లో ధైర్యంగా చెప్పుకోవచ్చు. ఫ్రెంచి సామానైతే సింహం బదులు శిరస్త్రాణం పెట్టుకున్న దేవత తల ఉంటుంది. జర్మనీలో చేసిన అసలు వెండి సామాను మీద చాలావాటికి 800 అనే అంకె కొట్టి ఉంటుంది.

మన దేశంలో చేసిన పాత వెండి మీద ఈ సింహాలు, పులులు ఉండవు. ఇక్కడ అలాంటి ముద్ర వేసే ప్రభుత్వ పరీక్షా కేంద్రాలు ఆనాడు లేవు. మద్రాసు పి. ఓర్ అండ్ సన్స్ లాంటి పెద్ద కంపెనీలు తమ పేరే కొట్టేవి. ఊళ్ళో కంసాలి చేసిన వెండి చెంచా మీదైతే ఏ ముద్రా ఉండదు. అంతమాత్రాన అది తక్కువది కాదు.

ఎక్కువమంది మోసపోయేది నాలుగు అక్షరాల దగ్గర: ఈ, పీ, ఎన్, ఎస్. ఒక్కో అక్షరాన్ని ఒక్కో చిన్న డాలు బొమ్మలో, అచ్చం ఇంగ్లండు వెండి ముద్రల్లా కనిపించేలా కొట్టేవాళ్ళు. దాని అర్థం, నికెల్ సిల్వర్ మీద కరెంటుతో వెండి పూత పూశారని. ఈ పద్ధతికి 1840లో బర్మింగ్‌హామ్‌లో ఎల్కింగ్‌టన్ వాళ్ళు పేటెంటు తీసుకున్నారు. నికెల్ సిల్వర్ పేరులోనే వెండి, లోపల రాగి, నికెల్, జింకు. మనం జర్మన్ సిల్వర్ అనేదీ అదే. నా ఫోర్కుల మీద కూడా ఈ నాలుగు అక్షరాలే ఉన్నాయి, పక్కన 'ఏ1' అని ఉంది. అది పూత మందం గురించి తయారీదారు తనకు తాను వేసుకున్న మార్కు.

ముద్రలు అరిగిపోతే? ఇంట్లోనే చేయగలిగే నమ్మకమైన పరీక్ష ఒకటుంది. కంసాలి దగ్గర గీకించాల్సిన పని లేదు. వంటింటి డిజిటల్ తూకం, ఒక గ్లాసు నీళ్ళు, కుట్టుదారం చాలు.

చెంచాను మామూలుగా తూచి రాసుకోండి. మాది 62 గ్రాములు వచ్చింది. ఇప్పుడు తూకం మీద నీళ్ళ గ్లాసు పెట్టి, అంకెను సున్నా చేయండి. చెంచా కాడకు దారం కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా, మొత్తం నీళ్ళలో మునిగేలా వేలాడదీసి పట్టుకోండి. తూకం మీద కనిపించే అంకె ఆ చెంచా తోసేసిన నీళ్ళ బరువు. మాది 6 గ్రాములు చూపించింది. 62ను 6తో భాగిస్తే 10.3. స్టెర్లింగ్ వెండికి 10.3, 10.4 మధ్య వస్తుంది. అదే ఫోర్కుతో చేస్తే 55 గ్రాములకు 6.3 వచ్చింది, అంటే సుమారు 8.7. అది నికెల్ సిల్వర్. ఇత్తడికీ దాదాపు ఇంతే వస్తుంది. స్టీలుకు 7.9 అటూ ఇటుగా. చెయ్యి వణికితే అంకె మారుతుంది కాబట్టి మూడుసార్లు చేసి సగటు తీయండి. అరగ్రాము కూడా చూపించని తూకంతో ఈ పని కాదు. బోలు పిడి కత్తులకు ఈ పరీక్ష పనికిరాదు.

ఆ పన్నెండు చెంచాల్లో నాలుగు నిజం వెండివని ఇలాగే తేలింది. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ నాయనమ్మను తలుచుకోకుండా పడుకోలేదు.

కత్తుల సంగతి వేరు

పాత టేబుల్ కత్తుల్లో పిడి ఒకటి, అలుగు, అంటే కోసే భాగం ఒకటి. పిడి చాలాసార్లు పల్చటి వెండి రేకుతో చేసిన బోలు గొట్టం. లోపల గట్టిపడే జిగురు, లక్కలాంటి పదార్థం పోసి అలుగును అందులో దిగ్గొడతారు. వేడినీళ్ళు తగిలితే ఆ జిగురు మెత్తబడి, ఉబ్బి, పిడి పగులుతుంది, లేదా అలుగు ఊడి చేతికొస్తుంది. మా ఐదు కత్తుల్లో ఒకటి అలా నా చేతుల్లోనే ఊడింది. అందుకే పిడిని నీళ్ళలో ముంచొద్దన్నాను.

అలుగు మీద స్టెయిన్‌లెస్ అని ఉంటే ఆ అలుగు 1913 తర్వాతిదే. షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ తుప్పు పట్టని ఉక్కును తయారుచేసింది ఆ ఏడాది. అంతకుముందు అలుగులు మామూలు ఉక్కువి. నిమ్మకాయ తగిలితే నల్లబడేవి, కూరకు ఇనుప రుచి తగిలేది. చేపలకూ పండ్లకూ వేరే వెండి అలుగు కత్తులు పుట్టింది ఈ బాధ తప్పించుకోవడానికే. తమాషా ఏంటంటే, తాతల నాటి వెండి ఉన్న ఇంగ్లండు కులీనులు ఈ చేప కత్తులను చిన్నచూపు చూసేవాళ్ళు. అవి పందొమ్మిదో శతాబ్దంలో వచ్చిన కొత్త మోజు, కాబట్టి సెట్టులో చేప కత్తి ఉందంటే వెండిని వారసత్వంగా తెచ్చుకోలేదు, కొనుక్కున్నారన్నమాట. మా తాత హర్రాజులో కొన్నాడు కాబట్టి మాకా చింత లేదు.

పిడి తెల్లగా ఉంటే అది ఎముకా, దంతమా, సెల్యులాయిడా చూడాలి. ఎముకలో చిన్న నల్ల చుక్కలు, సన్నటి గీతలు కనిపిస్తాయి. అడ్డంగా కోసిన చివర ఒకదాన్నొకటి దాటే వంపు గీతల వల కనిపిస్తే అది ఏనుగు దంతం. సెల్యులాయిడ్ మీద గీతలు మరీ తిన్నగా, స్కేలు పెట్టి గీసినట్టు ఉంటాయి, వేలితో గట్టిగా రుద్ది వాసన చూస్తే కర్పూరం వాసన వస్తుంది. దానికి నిప్పు తగలనీయొద్దు, భగ్గుమంటుంది. దంతపు పిడులున్నవాటిని అమ్మాలనే ఆలోచన మానుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దానికి తర్వాత వచ్చిన సవరణల ప్రకారం ఏనుగు దంతం కొనడం, అమ్మడం నేరం. అదే ఏడాది వచ్చిన పురావస్తువుల చట్టం కింద నూరేళ్ళు నిండిన వస్తువును మనంతట మనం విదేశాలకు పంపకూడదు. అమెరికాలో ఉన్న అమ్మాయికి సారెలో తాతమ్మ చెంచాలు పెట్టే ముందు వాటి వయసు లెక్క చూసుకోండి.

ఏ లోహానికి ఏ తోముడు

వెండి నల్లబడటం అంటే మురికి పట్టడం కాదు. గాల్లోని, తిండిలోని గంధకంతో వెండి కలిసి సిల్వర్ సల్ఫైడ్ అవుతుంది. రుద్దిన ప్రతిసారీ ఆ నలుపుతో పాటు కొంత వెండి కూడా పోతుంది. రుద్దకుండా వదిలించే పద్ధతి ఇది:

1. స్టీలు బేసిన్ అడుగున అల్యూమినియం ఫాయిల్ మెరిసే వైపు పైకి ఉండేలా పరవండి.
2. లీటరు మరిగిన నీళ్ళలో పెద్ద చెంచాడు వంట సోడా, చిటికెడు ఉప్పు కలిపి పోయండి.
3. చెంచాలు ఫాయిల్‌కు తగిలేలా పెట్టండి. తగలకపోతే పని జరగదు.
4. రెండు మూడు నిమిషాల్లో కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. భయపడకండి, వెండి మీది గంధకం అల్యూమినియం వైపు మళ్ళుతోందన్నమాట.
5. తీసి మంచినీళ్ళతో కడిగి, పాత మల్లు గుడ్డతో అప్పటికప్పుడే తుడవండి.

నగిషీ సందుల్లో కావాలని ఉంచిన నలుపు ఉంటే ఈ పని చేయొద్దు. ఆ నలుపు పోతే పువ్వులు, తీగలు చదునుగా, ప్రాణం లేనట్టు కనిపిస్తాయి. బోలు పిడి కత్తులకు అసలే వద్దు. వాటిని మెత్తటి సుద్దపొడిని నీళ్ళలో కలిపి, దూదితో, ఒకే దిక్కుగా తుడవండి. టూత్‌పేస్టు, పళ్ళపొడి, స్టీలు పీచు, గిన్నెలు తోమే సబ్బు బిళ్ళ, నాలుగూ గీతలు పెడతాయి. విభూతితో దేవుడి వెండి కుందులు తోమినట్టు పూత సామాను తోమితే నా ఫోర్కుల గతే.

చింతపండు, నిమ్మ, ఉప్పు ఇత్తడికి, రాగికి. చింతపండులోని టార్టారిక్ ఆమ్లం చిలుమును కరిగిస్తుంది. తోమాక పులుపు మిగలకుండా కడగాలి, లేకపోతే మర్నాటికే ఆకుపచ్చ మరకలు తేలతాయి. కంచు తలెలకు బూడిద, చింతపండు చాలు. కానీ కంచు పెళుసు. చెయ్యి జారి బండ మీద పడితే గంటలా మోగి రెండు ముక్కలవుతుంది.

ఇత్తడి గిన్నెలో వండాలన్నా, పులుపు వడ్డించాలన్నా లోపల కళాయి ఉండాలి. కళాయి అంటే తగరపు పూత. గిన్నెను బొగ్గుల మీద వేడి చేసి, నవాసాగరం చల్లి, తగరం అద్ది, దూదితో లోపలంతా పాముతారు. తెల్లటి పొగ లేచి, కళ్ళముందే గిన్నె లోపల వెన్నెల పరుచుకున్నట్టవుతుంది. చిన్నప్పుడు మా వాడకు ఏడాదికోసారి కళాయి ఆయన వచ్చి, తోలు తిత్తితో బొగ్గులు రాజేస్తుంటే స్కూలు ఎగ్గొట్టి చూసేవాళ్ళం. ఇప్పుడు అలాంటివాళ్ళను వెతుక్కోవాలి. దొరికితే రెండు మాటలు చెప్పండి: తగరంలో సీసం కలపొద్దని, మీ ఎదురుగానే చేయమని. తగరం 232 డిగ్రీలకే కరిగిపోతుంది కాబట్టి కళాయి గిన్నెను ఖాళీగా పొయ్యి మీద పెట్టకండి.

బిద్రీని మాత్రం ముట్టుకోకండి. జింకులో కాస్త రాగి కలిపిన పోతకు వెండి తీగ పొదిగి, బీదర్ కోట మట్టితో నల్లబరుస్తారు. వెండి పాలిష్ పెడితే ఆ నలుపు ఊడిపోతుంది. ఒక చుక్క కొబ్బరినూనె, మెత్తటి గుడ్డ, అంతే. దాంట్లో తినేవి కూడా పెట్టకండి. పాన్‌దాన్‌గా వాడినా లోపల వేరే గిన్నె ఉండాలి.

లోహాన్ని బట్టి వంట

ఎవరూ చెప్పని మాట ఇది. పాత సామానులో వడ్డించాలంటే ముందు సామాను చూసి, తర్వాత వంటలు అనుకోవాలి. అటూ ఇటూ అయితే రెండూ పాడవుతాయి.

వెండికి కోడిగుడ్డు పడదు. పచ్చసొనలోని గంధకం పది నిమిషాల్లో చెంచాను నల్లగా చేస్తుంది. ఉల్లిపాయ, ఆవాలు కూడా అంతే, కాస్త నెమ్మదిగా. ఉప్పు ఇంకా చెడ్డది, వెండిని గుంటలు పడేలా తినేస్తుంది. అందుకే పాత వెండి ఉప్పు గిన్నెల్లో లోపల గాజు గిన్నె గానీ బంగారు పూత గానీ ఉంటుంది. పచ్చిపులుసు, పప్పుచారు కళాయి లేని ఇత్తడిలో పోస్తే చిలుము రుచి వస్తుంది. ఆ రుచి నోటికి తెలియకముందే కడుపుకు తెలుస్తుంది.

వెండికి బాగా కుదిరేవి తీపి పదార్థాలు. పరమాన్నం, షీర్ ఖుర్మా, ఖుబానీ కా మీఠా, డబల్ కా మీఠా. వెండి వేడిని తొందరగా అందుకుంటుంది, అందుకే చల్లటి ఖుబానీ మీది మీగడ పెదవికి తగిలే ముందే చెంచా చల్లగా తగులుతుంది. స్టీలు చెంచాలో ఆ సుఖం ఉండదు. బగారా అన్నం, మటన్ వడ్డించడానికి పెద్ద వెండి గంటె బాగుంటుంది, కానీ దాన్ని గిన్నెలోనే వదిలేయకుండా పక్కన చిన్న పళ్ళెంలో పెట్టాలి.

జొన్నరొట్టె, సర్వపిండి, తలకాయ కూర, వీటి దగ్గరకు ఫోర్కును రానీయకండి. మా బావ ఒకసారి పట్నం చుట్టాల ముందు సర్వపిండిని ఫోర్కుతో పొడిచాడు. అది ఎగిరి పక్కావిడ ఒళ్ళో పడింది. కొరమీను పులుసు కూడా చేతికే, ముల్లు ఎక్కడుందో వేలికి తెలిసినట్టు ముండ్ల గంటెకు తెలియదు.

బల్ల మీద అమర్చడం

హైదరాబాద్ ఫలక్‌నుమాలో 101 మంది కూర్చునే బల్ల ఉంది. మన ఇంట్లో ఆరుగురికి చాలు. మనిషికి రెండడుగుల జాగా వదలండి, మోచేతులు తగలకుండా. పళ్ళెం బల్ల అంచుకు ఒక అంగుళం లోపల. ఎడమ పక్క ఫోర్కులు, కుడి పక్క కత్తి, దాని పదును పళ్ళెం వైపు. కత్తికి అవతల సూపు చెంచా. తీపి కోసం చెంచా, ఫోర్కు పళ్ళేనికి పైన అడ్డంగా, చెంచా పిడి కుడి వైపు, ఫోర్కు పిడి ఎడమ వైపు. గ్లాసు కత్తి మొనకు ఎదురుగా.

ఏది ముందు వాడాలన్నది టెన్షన్ పడే విషయమే కాదు. బయటి నుంచి లోపలికి వస్తారు, అంతే. ముందు వచ్చే వంటకం సామాను బయట ఉంటుంది. ఒక్కో వంటకం వేడివేడిగా విడివిడిగా తెచ్చే ఈ తీరు పందొమ్మిదో శతాబ్దంలో రష్యా నుంచి యూరప్‌కు పాకింది. అంతకుముందు ఫ్రాన్స్‌లో కూడా మన బంతిలో లాగే అన్నీ ఒకేసారి బల్ల మీద పెట్టేవాళ్ళు.

ఫోర్కు ముళ్ళు పైకా, కిందికా? ఇంగ్లండులో పైకి, ఫ్రాన్స్‌లో కిందికి. ఫ్రెంచివాళ్ళు తమ వంశ చిహ్నాన్ని కాడ వెనక చెక్కేవాళ్ళు, అది కనిపించాలి కాబట్టి బోర్లా పెట్టేవాళ్ళు. మీ ఫోర్కు మీద పువ్వులు, అక్షరాలు ఏ వైపున్నాయో చూసి ఆ వైపు పైకి ఉంచండి.

తింటూ ఆగితే కత్తి, ఫోర్కును గడియారంలో ఎనిమిదీ ఇరవై ముళ్ళలా చెరోవైపు వాల్చండి. అయిపోతే ఆరున్నర ముళ్ళలా రెంటినీ పక్కపక్కన పెట్టేయండి. వడ్డించేవాళ్ళకు నోరు తెరిచి చెప్పక్కర్లేదు.

దస్తర్‌ఖాన్, బంతి

బల్ల లేకపోతే లోటేం లేదు. పాలమూరు, నల్లగొండ ఇళ్ళలో పాత సామానుకు అసలు చోటు నేల మీదే.

దస్తర్‌ఖాన్ అంటే నేల మీద పరిచే భోజనపు గుడ్డ. దాని మీద కాలు పెట్టకూడదు, దాటకూడదు. చివర కూర్చున్నవాళ్ళకు గిన్నె అందాలంటే చేతుల మీదుగా సాగాలి, లేచి నడవకూడదు. భోజనానికి ముందు ఇంట్లో చిన్నవాళ్ళు చిలంచి, ఆఫ్తాబా పట్టుకుని వస్తారు. చిలంచి నీళ్ళు పట్టే వెడల్పాటి పాత్ర, ఆఫ్తాబా కొమ్ము ఉన్న చెంబు. ముందు మెహమాన్లకు, తర్వాత పెద్దలకు చేతుల మీద నీళ్ళు పోస్తారు. మీ అటక మీద కొమ్ము ఉన్న పాత ఇత్తడి చెంబు ఏదైనా ఉంటే, పూల కుండీ చేయకుండా ఈ పనికి తీసుకోండి. కూర్చున్నచోటే చేతులు కడిగించుకున్న అతిథి ఇక వాష్‌బేసిన్ ఎక్కడని అడగడు. పెద్దవాళ్ళు ముద్ద నోట్లో పెట్టాకే మిగతావాళ్ళు మొదలుపెట్టాలి.

బంతి భోజనం మర్యాదలు కూడా దాదాపు ఇవే, గుడ్డ బదులు పీట. అరటాకు అయితే సన్న కొస తినేవాళ్ళ ఎడమ చేతి వైపు రావాలి. మన వైపు మోదుగాకు విస్తరే ఎక్కువ కాబట్టి కొసల గొడవ లేదు, ఈనె పుల్లలు గుచ్చుకోకుండా చూసుకుంటే చాలు. అల్లుడికి, పెద్ద చుట్టానికి వెండి కంచం పెడితే పక్కవాళ్ళకు కూడా కనీసం వెండి గ్లాసో గిన్నెనో పెట్టండి. ఒక్కడికే వెండి పెట్టి మిగతావాళ్ళకు విస్తరి వేస్తే ఆ మాట పదేళ్ళు నిలుస్తుంది. మారు వడ్డించేటప్పుడు వెండి గంటె కంచానికి తగిలి చప్పుడు కాకూడదు. నాయనమ్మ దీనికి ఒక కొలత పెట్టింది: "గంటె సప్పుడు ఇనవడ్డదంటే, పెట్టెటోళ్ళకు మనసు లేదని లెక్క." బంతిలో చివరి మనిషి సల్ల అన్నం ముగించేదాకా ఎవరూ లేవకూడదు. పక్కవాళ్ళు తింటుండగా కంచంలో చెయ్యి కడగడం అన్నింటికంటే పెద్ద తప్పు.

రెండు పద్ధతులూ కలపొచ్చా? నేను కలుపుతాను. కింద దస్తర్‌ఖాన్, కంచు తలెల్లో బగారా చేత్తోనే, ఆ తర్వాత చిలంచి, ఆ తర్వాతే వెండి చెంచాలు బయటికొస్తాయి, తీపికి. చేతులు శుభ్రమయ్యాక చెంచా ఇస్తే దానికి నూనె జిడ్డు అంటదు, తోముడు సగం తగ్గుతుంది.

అద్దాల బీరువా గురించి ఒక మాట

2018 సెప్టెంబర్‌లో హైదరాబాద్ పురానీ హవేలీలోని నిజాం మ్యూజియం నుంచి బంగారు టిఫిన్ డబ్బా, కప్పు, సాసరు, చెంచా పోయాయి. కొద్ది రోజులకే దొరికాయి. దొంగల్లో ఒకడు ఆ డబ్బాలోనే భోజనం చేశాడని పోలీసులు చెప్పారు. అందరూ నవ్వారు గానీ, అద్దాల వెనక ఉన్నన్నాళ్ళు ఆ డబ్బాలో ఎవరన్నా అన్నం తిన్నారా? వాడకంలో ఉన్న వెండి నల్లబడదు కూడా. వారానికోసారి తిని కడిగి తుడిచే చెంచాకు పాలిష్ అవసరమే రాదు.

వాడటం మొదలుపెట్టడానికి పండగ దాకా ఆగక్కర్లేదు. దసరా ముందర పాలమూరు బాలానగర్ వైపు నుంచి సీతాఫలాలు వస్తాయి. కన్ను విచ్చిన పండును రెండుగా విప్పి, చిన్న వెండి చెంచాతో, తొన తర్వాత తొన తీసుకుని తినండి. గింజ చెంచాలోనే మిగిలిపోతుంది, గుజ్జు జారుతుంది. కొల్లాపూర్ మామిడికి వెండి అలుగు పండు కత్తి. ఈ రెండు పండ్ల కోసమే ఇంగ్లండులో ఆ సామాను చేశారేమో అనిపిస్తుంది నాకు.

తిన్నాక

ఆ రాత్రే కడగండి. నానబెట్టొద్దు. వెండిని, స్టీలును ఒకే బేసిన్‌లో వేయొద్దు, గీతలు పడతాయి. ఆరాక మల్లు గుడ్డలో ఒక్కొక్కటిగా చుట్టండి. రబ్బరు బ్యాండ్లు, ఉన్ని, న్యూస్‌పేపరు వద్దు. రబ్బరులో, ఉన్నిలో గంధకం ఉంటుంది. రబ్బరు బ్యాండు ఉన్నచోట వెండి మీద మాయని నల్ల గీత పడటం నేను చూశాను. చీరల కోసం వేసే డాంబర్ గోలీలు కూడా ఆ పెట్టెలో వేయకండి.

విస్తర్లు పారేసే ముందు, చెత్తబుట్ట బయట పెట్టే ముందు, చెంచాలు లెక్కపెట్టండి. గడీల్లో భోజనాలయ్యాక వెండి లెక్క తేలకుండా ఎవరినీ ఇంటికి పంపేవాళ్ళు కాదని నాయనమ్మ చెప్పేది. మా పెట్టె మూత లోపల పెన్సిలుతో రాసి పెట్టుకున్నాను: పెద్ద ఫోర్కులు ఆరు, చిన్నవి ఆరు, చెంచాలు పన్నెండు, కత్తులు ఐదు. ఆరో కత్తి గుంటలో సుద్దముక్క పెడతాను. చెమ్మ పీలుస్తుంది. రెండు నెలలకోసారి ఎండలో పెట్టి, మళ్ళీ అక్కడే ఉంచుతాను.